ఓతీలియో ఆపకుండా వెళ్ళిన కంప్యూటర్

ఒకే కుళాయి దగ్గర ఐదు కుటుంబాలు కొట్టుకున్న రోజులు పోయి, ఒకే ఇంటర్నెట్ కోసం కొట్టుకునే రోజులొచ్చాయి మెక్సికోలో, ఒహాకా ఊళ్ళోని ఆ లోగిలికి. గదిగదికీ తీగలు లాగినవాడు ఓతీలియో. రేడియోలు బాగుచేసే మనిషి. నిచ్చెనెక్కితే దిగడు, మాట మొదలెడితే ఆపడు. నిజం చెప్పొద్దూ, రెండూ ఒకేసారి చేసేవాడు. జ్వరమొచ్చి, ఊపిరాడక ఆసుపత్రిలో పోయి ఏడు రోజులైంది. శవాన్ని ఇంటికివ్వలేదు. అయినా అక్క చబేలా అతని గదిలో నేలమీద సున్నంతో శిలువ గీసి దీపం పెట్టింది. తొమ్మిదో రోజు ఆ శిలువ సున్నం ఊడ్చి ఎత్తేదాకా పోయినవాడి వస్తువు కదపకూడదు, ఆర్పకూడదు, అక్కడి ఆచారం. అంబులెన్స్ ఎక్కిననాడు నడుస్తున్న కంప్యూటర్ అలాగే నడుస్తోంది.

ఈ మధ్య సాయంత్రం ఐదయ్యేసరికి లోగిలంతా నెట్ పడిపోతోంది.

పక్క గది ఎలీహియోకి కావలసింది ఆ ఐదే. అతని భార్య నియేవెస్ కూడా అదే జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. ఎవరినీ లోపలికి రానివ్వరు. రోజూ ఐదింటికి నర్సు మంచం పక్కన ఫోన్ నిలబెట్టి వెళ్తుంది, పది నిమిషాలు. మూడు రోజులుగా అతనికి కనిపించింది తెరమీద తిరిగే చక్రమే. ఇవాళ ఆరింటికి ఆమె గొంతులో గొట్టం వేస్తారట. తర్వాత మాట ఉంటుందో లేదో.

నాలుగున్నరకే వసారాలో నెట్ పెట్టె ముందు చతికిలబడి తీగలు ఒక్కొక్కటే పీకి చూశాడు. తన గదిది కాదు. దర్జీవాళ్ళది కాదు. చివరికి ఫోన్‌లో ఆ పెట్టె లెక్కలు తెరిస్తే దొరికింది. ఓతీలియో కంప్యూటర్ ఆ పెట్టె చిరునామానే తనదని చెప్పుకుంటోంది. అందరి మాటలూ దాని దగ్గరికే పోయి మునిగిపోతున్నాయి. దాని తీగ పీకాడు. లాభం లేదు. అది వైఫైతో గాల్లోంచి కూడా అందుకుంటోంది.

"అక్కా, దాని కరెంటు పీకెయ్యాలి."

"ఇంకో రెండు రోజులాగరా," చబేలా గుసగుసలాడింది. "వాడింకా వచ్చిపోతూనే ఉన్నాడు."

"బతికుండగా ఎవరిమీదైనా అలిగాడా, ఇప్పుడు నామీద అలగడానికి? నాకు మిగిలింది ఈ సాయంత్రమే అక్కా!"

ఆమె మొహం తిప్పుకుంది. "నేను చూళ్ళేదు. నన్నడక్కు."

గదిలో వాడిన బంతిపూల వాసన, మైనం వాసన, వాటి అడుగున కరిగిన సీసం వాసన. కంప్యూటర్ ఫ్యాను ఎగశ్వాసలా లేచి పడుతోంది. శిలువను దాటి గోడవార వంగాడు. ప్లగ్గు వెచ్చగా ఉంది... మనిషి చెయ్యంత వెచ్చగా.

లాగేశాడు.

నిశ్శబ్దం. వెంటనే ఫోన్ మోగింది.

నియేవెస్! ఎదురుగా కూర్చున్నంత స్పష్టంగా.

"గడ్డం గీసుకోలేదేమయ్యా? అడిగేవాళ్ళు లేరనా?"

అతను నవ్వబోయి ఏడ్చాడు. "భయమేస్తోందా?"

"ఇన్నాళ్ళూ లేదు. ఓతీలియో వస్తున్నాడుగా రోజూ, ఐదింటికి. నా కాళ్ళ దగ్గర కూర్చుని ఒకటే కబుర్లు. తలుపుకి అడ్డంగా... ఎవరినో రానివ్వనట్టు."

ఓతీలియో పోయిన సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

"ఇ... ఇవాళ?"

"ఇప్పటిదాకా ఉన్నాడు. మాట మధ్యలో చటుక్కున లేచిపోయాడు. ఎవరో లాగినట్టు..." ఆమె చూపు ఫోన్ మీదుగా పైకి పోయింది. గొంతు తగ్గింది. "ఏమయ్యా... మరి ఇతనెవరు?"

ఎలీహియో ప్లగ్గు గుచ్చాడు. మళ్ళీ గుచ్చాడు. మీట నొక్కాడు. ఫ్యాను కదల్లేదు. మినుకైనా లేదు.

"నర్సుని పిలువు! నియేవెస్, అరువు!"

ఆమె వినడం లేదు. తలుపు వైపే చూస్తూ, మర్యాదకి చిన్నగా నవ్వి, వచ్చినవాళ్ళకి చోటిస్తున్నట్టు మెల్లగా కాళ్ళు ముడుచుకుంది.

ఎవరూ లేని మంచం చివర పరుపు కిందికి కుంగింది.