ముఖం మాత్రం మార్చకు

ఆ శనివారం ఉదయం ఏడు గంటలకే లీలారాణి కుట్టుమిషను ముందు కూర్చుంది. సువార్తమ్మ పోయిందని తెల్లవారుతుండగా కబురు వచ్చింది. సాలూరు లారీ షెడ్ల వెనకనున్న వాళ్ళ చిన్న బాప్టిస్టు సంఘంలో ఆడమనిషి ఎవరు కన్నుమూసినా చివరి తెల్లరవిక కుట్టడం, స్నానం చేయించి బట్టలు తొడగడం ముప్పై ఏళ్ళుగా లీలారాణి పని. ఆ పనికి ఆమెను ఎవరూ నియమించలేదు, ఆమె ఎవరినీ కూలి అడగలేదు. చివరి హుక్కు పెట్టాక తన పైటచెంగు తలమీదికి లాక్కుని ఒక్క నిమిషం నిలబడేది. అంతటితో ఆ మనిషి ఇక భూమికి సిద్ధమైనట్టు.

"కొలత తీసుకోకుండానే కత్తిరించీసినావేటమ్మా?" కాఫీ గ్లాసుతో వచ్చిన షీబా అడిగింది. మూడు రోజుల సెలవు మీద నిన్ననే హైదరాబాదు నుంచి వచ్చింది.

"సువార్తమ్మకి ఇరవై రెండేళ్ళు కుట్టినాను. చాతీ ముప్పై ఆరు, భుజం పద్నాలుగు. కుడిభుజం అరంగుళం కిందకుంటాది, మోతలు మోసిన మనిషి కదా. చచ్చిపోయినంత మాత్రాన కొలత మరిచిపోతానేటి?"

పెరట్లో గడ్డం గీసుకుంటున్న ఆదాము నవ్వాడు. "మీ యమ్మ దేవదూతలకి కూడా కొలతలు రాసి ఉంచుతాదే. రెక్కల దగ్గర ఎంత వదలాలో తెలీక ఆగినాది గానీ."

షీబా కూడా నవ్వింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వచ్చిన దగ్గరనుంచీ కూతురు తన ముఖంకేసి సరిగ్గా చూడడం లేదని లీలారాణి గమనించింది. ప్రయాణపు అలసట అనుకుంది.

షీబా పని చేసేది వీడియో ఆటలకు బొమ్మలు తయారుచేసే కంపెనీలో. ఏడాదిన్నర కిందట, 2016 వేసవిలో, ఒక విదేశీ కంపెనీ ఆటలోని యుద్ధనాయికను మొదటి నుంచీ తానే తయారు చేసే అవకాశం వచ్చిందని ఎగిరి గంతేసింది. "అమ్మా, నీలాంటి మనిషిని చేస్తాను. నువ్వే నిలబడాలి," అంది. లీలారాణి పొందూరు ఖద్దరు తెచ్చి, మెడ నుంచి మణికట్టు దాకా కప్పే అంగీ కుట్టింది. నాట్లకు దిగే ఆడవాళ్ళలా చీర గోచీ పెట్టి, చేతిలో దుడ్డుకర్ర పట్టుకుని పెరట్లో నిలబడింది. షీబా చుట్టూ తిరిగి ఫోటోలు తీసింది. తల్లి చిన్నప్పుడు రుబ్బురోలు మీద పడితే ఎడమ కనుబొమ మీద మిగిలిన మచ్చను మరీ దగ్గరగా తీసింది.

తర్వాత ఒకరోజు షీబా ఫోను చేసి, బొమ్మలో చిన్నచిన్న మార్పులు అడుగుతున్నారంది. "ఏటైనా మార్చుకోనీ గానీ, నా మొకం మాత్రం మార్చీకు," అని లీలారాణి మురిపెంగా చెప్పింది. ఆ మాట ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. స్త్రీల సమాజంలో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నది కూడా గుర్తుంది.

రవిక పూర్తయి మడత పెడుతుండగా సువార్తమ్మ కోడలు షాలిని గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చిన కళ్ళే అయినా అందులో ఇంకేదో ఇబ్బంది ఉంది.

"అయిపోయింది తల్లీ, వచ్చీస్తన్నాను. నీళ్ళు కాగినాయా?"

"ఆంటీ..." షాలిని గడప దాటలేదు. "మీరు రావద్దన్నారు మావాళ్ళు. విజయనగరం నుంచి మా ఆడబిడ్డ వస్తాది, ఆవిడే బట్టలు కట్టీస్తాది. మరోలా అనుకోకండి."

"మీ అత్తకి నేనేగా కట్టాలి! బతికుండగానే సెప్పుకున్నాది కదే, 'లీలా, హుక్కులు గట్టిగా కుట్టు, పునరుత్థానం దాకా ఉండాలి' అని."

షాలిని చేతిలోని ఫోను చీరచెంగుతో తుడుస్తూ ఉండిపోయింది. చివరికి దాన్నే అందించింది. "షెడ్లలో కుర్రోళ్ళందరి ఫోన్లలోనూ ఉన్నాదంట ఈ ఆట, ఆంటీ. పొద్దున్న మీ పేరెత్తితే మా మరిది నవ్వినాడు. శవం కాడ నవ్వినాడు. అందుకే వద్దనీసినారు."

తెరమీద ఒక ఆడది నిలబడి ఊపిరి పీలుస్తోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎద లేచి ఊగుతోంది. ఒంటిమీద రెండు తోలుపేలికలు తప్ప ఏమీ లేదు. పైనున్న ముఖం లీలారాణిది. ఎడమ కనుబొమ మీద మచ్చ కూడా ఉంది.

లీలారాణి కళ్ళజోడు తెచ్చుకుని, ముప్పై ఏళ్ళు ఒళ్ళు చూసిన కంటితో ఆ బొమ్మను చూసింది. తల చుట్టుకొలత ఇరవై రెండు అనుకుంటే, చాతీ నలభై నాలుగు, నడుం పదహారు.

"ఈ నడుంలో పేగులు ఎక్కడ పెట్టినావే, షీబా?" అంది నెమ్మదిగా.

షాలిని ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. షీబా నేలమీద కూర్చుండిపోయింది. ఆదాము తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, సంగతి తెలిసి, కూతురు తెరిచిన కంప్యూటరులో ఆ బొమ్మను చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఈ ఆటలోనే పక్కనున్న మగాడికి మెడ దాకా ఇనపచొక్కా ఏసినావు," లీలారాణి అడిగింది. "ఆ యుద్ధంలో కత్తులు ఆడదానికి తగలవేటి?"

"నేను నువ్వు కుట్టిన అంగీయే ఏసినానమ్మా. ఆ విదేశీ కంపెనీ నుంచి అయిదు ఉత్తరాలు వచ్చినాయి." షీబా చెప్పింది. "మొదట అంగీ చేతులు కురచ చెయ్యమన్నారు, కర్ర తిప్పడానికి అడ్డమని. అది సబబే అనిపించింది. తర్వాత గోచీ తీసెయ్యమన్నారు. ఆడేవాడికి ఎప్పుడూ వెనకనుంచే కనపడతాది కదా, చూడ్డానికి ఏదో ఉండాలన్నారు. మూడోసారి నడుం. నాలుగోసారి ఎద, అది కదలడం. ఆడేవాళ్ళు ఎక్కువమంది మగపిల్లలు, ఇలాగైతేనే డౌన్‌లోడ్ చేసుకుంటారు అని లెక్కలు చూపించారు."

"అయిదోది?"

"ముఖం. వయసు ఎక్కువ కనపడతాది, మచ్చ తీసేసి పాతికేళ్ళ పిల్లని పెట్టమన్నారు. అది మాత్రం ఒప్పుకోలేదమ్మా! నువ్వు అడిగినది అదొక్కటే. మిగతా నాలుగూ మీరడిగిన దానికన్నా ఎక్కువే చేసిస్తాను, ముఖం జోలికి రావద్దని బతిమాలినాను. చేసి ఇచ్చినాను."

లీలారాణికి ఆ గొలుసు మొత్తం ఒక్కసారిగా కనబడింది. కూతురు మాట తప్పి ఉంటే ఆ ఒళ్ళు ఎవరిదో ఊరూ పేరూ లేనిదై ఉండేది. మాట నిలబెట్టుకుంది కనుకనే అది తనదైంది.

"ఉద్యోగం మానీ!" ఆదాము అరిచాడు. "సంఘపెద్దని నేను. ఏ మొకంతో పోయి కూకోవాలి రేపు? ఈ పూటే మానీ!"

"మానేస్తాను. సోమవారానికి నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. బొమ్మ కంపెనీది నాన్నా, నాది కాదు. మనం ఏటి చేసినా అది అలాగే ఉంటాది."

"సిగ్గుండాలే! ఆడపిల్లవై ఉండి ఎలాగ గీసినావే?"

షీబా తలెత్తింది. "లారీల వెనక చెక్కల మీద ఆడబొమ్మలు ఏసినప్పుడు నువ్వెలాగ గీసినావు?"

"అది వేరు."

"ఎనిమిదేళ్ళప్పుడు నీ పక్కన కూకుని బ్రష్షులు కడిగినాను. 'ఇంకొంచెం వంపు తిప్పు ఆదాము' అనేవోరు ఓనర్లు. నువ్వు తిప్పీవోడివి. గీత ఎలా తిప్పాలో అక్కడే నేర్చుకున్నాను నాన్నా. ఇంకెక్కడా కాదు."

ఆదాము తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళి, ఎండిపోయిన రంగుడబ్బాల పక్కన కూలబడ్డాడు.

లీలారాణికి పెళ్ళైన కొత్త గుర్తొచ్చింది. ఆ లారీబొమ్మలకు తాను పెట్టేవి ఆమె కళ్ళేనని ఆదాము చెవిలో చెప్పేవాడు. ఘాటీ ఎక్కి రాయపూరు పోయే ప్రతి లారీ వెనకా తన కళ్ళు ఊళ్ళు చూస్తున్నాయని ఆమె పొంగిపోయేది. ఆ కళ్ళకింద ఒళ్ళు ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు. అప్పుడు అడిగి ఉంటే? ఏమీ ఆగేది కాదేమో. కానీ అడగలేదు.

"ఇప్పుడైనా మొకం తీసీలేవా?"

"అడిగినాను. అది చెబుదామనే వచ్చినాను ఇంటికి, ఎలా చెప్పాలో తెలీలేదు." షీబా కన్నీళ్ళు ఇప్పుడు జారాయి. "తీయరంటమ్మా. ఆ మచ్చే నచ్చిందంట అందరికీ. సోమవారానికి ఇంకో బట్ట కావాలన్నారు. ఈతకి వేసుకునేది."

మిషను మీద తెల్లరవిక ఫ్యాను గాలికి కదిలింది.

మధ్యాహ్నం ఎవరూ అన్నం పెట్టుకోలేదు. లీలారాణి కొలతల పుస్తకం తెచ్చి కూతురి పక్కన కూర్చుంది. "బట్టల్లేకుండా చూపించు."

"అమ్మా, వద్దు."

"ముప్పై ఏళ్ళు చూసినాను, నాకేటి కొత్త. చూపించు."

తెరమీద బొమ్మ బూడిదరంగులో, చేతులు రెండు పక్కలకూ చాచి, కళ్ళు తెరిచి నిలబడింది. స్నానం చేయించి బల్లమీద పడుకోబెట్టినప్పుడు మనుషులు ఇలాగే ఉంటారని లీలారాణి అనుకుంది. ఎవరు ఎటు తిప్పితే అటు తిరుగుతారు.

"దీనికి రవిక తొడగాలి. ముందు ఒళ్ళు మనిషి ఒళ్ళు చెయ్యి. రాసుకో. నా చాతీ ముప్పై ఎనిమిది. నడుం ముప్పై ఆరు. నిన్ను కన్న పొట్ట అది, లోపలికి నొక్కీకు."

"ఎవరూ చూడరమ్మా ఇది. నా కంప్యూటరులోనే ఉంటాది. సోమవారం..."

"సోమవారం సంగతి నాకు తెలుసు. నువ్వు చేసినా చేస్తారు, చెయ్యకపోయినా చేస్తారు. ఇది ఇప్పటి సంగతి. భుజం పద్నాలుగున్నర."

షీబా కళ్ళు తుడుచుకుంటూ మొదలుపెట్టింది. నడుం నిండింది. ఎద కిందికి దిగి కదలడం మానేసింది. తల్లి చెప్పిన కొలతకు రవిక చేతులు మణికట్టు దాకా వచ్చాయి, మెడ మూసుకుంది. ఖద్దరు నేత దగ్గర ఒకచోట లీలారాణి ఆపింది. "నూలు బిరుసుగా ఉండాలి. ముడత సరిగా రాలేదు." షీబా ముడత సరిచేసింది. ఇంతలో ఆదాము వచ్చి వెనక నిలబడ్డాడు. చివరికి తెరమీదికి వంగి, "కళ్ళు మూసీమ్మా," అన్నాడు కూతురితో. షీబా కళ్ళు మూసింది.

మూడు గంటలకు చర్చి గంట మోగింది. సువార్తమ్మను మోసుకెళ్తున్నవాళ్ళు మరో వీధి గుండా పోతున్నారు. పాట దగ్గరవకుండానే దూరమైంది. ఆమె కోసం కుట్టిన రవిక మిషను మీద మడతపెట్టినట్టే ఉంది.

"చివరి హుక్కు," అంది లీలారాణి.

షీబా పెట్టింది.

లీలారాణి లేచి పైటచెంగు తలమీదికి లాక్కుని నిలబడింది. కూతురు కూడా చున్నీ తలమీద కప్పుకుని తల్లి పక్కన నిలబడింది. వీధిలో షెడ్డు కుర్రాళ్ళు ఇద్దరు ఫోను చూసుకుంటూ, కిటికీలోంచి లోపలికి ఒకసారి తొంగిచూసి, నవ్వుకుంటూ పోయారు.