గ్యాలరీ కింద తెగని కూత

పాల్వంచ దాటి భద్రాచలం దారి పట్టాక వచ్చే స్టేడియం పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. "కూత పెట్టే గ్యాలరీ" అనండి చాలు. ఆటోవాడు వెనక్కి తిరిగి మీ మొహం ఓసారి చూసి, చీకటి పడకముందే దింపేస్తానంటాడు.

పాత తూర్పు గ్యాలరీ పడగొట్టి కొత్తది కడుతున్నారక్కడ. అలాగని ఆటలు ఆపలేదు. ఒక పక్క కోర్టులో కబడ్డీ పోటీలు, ఇంకో పక్క సెంట్రింగ్ పని. కొత్త స్లాబు గట్టిపడేదాకా దాని బరువు మోయడానికి కింద జామాయిల్ కర్రలు అడివిలా నిలబెట్టారు. పగలు చూస్తే అవి ఉత్త కర్రలే. ఈసారి పోటీలు మొదలైనప్పటి నుంచి, రాత్రి ఆటలు ముగిసి లైట్లు ఆరిపోయాక మాత్రం... ఆ కర్రల మధ్య నుంచి కూత వస్తుందట.

కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ...

కూత అంటే ఒక్క ఊపిరి. ఊపిరి తెగితే ఆటగాడు అవుటైనట్టే. ఇక్కడి కూత తెగదు. అదే దాని భయం.

పూర్వం రైడుకు పోయిన ఆటగాడొకడు గీత తాకకుండానే గుండె ఆగి పడిపోయాడనీ, ప్రాణం పోయినా కూత ఆగలేదనీ చెప్పుకుంటారు. వాడిది ఏ ఊరని అడగండి. ఒకరు ఇల్లెందు అంటారు, ఇంకొకరు మణుగూరు అంటారు. చచ్చినవాడికి ఊరూ పేరూ లేదు గానీ వాడికి భయపడేవాళ్ళకు కొదవ లేదు. కరెంటు ప్లాంటులో రాత్రంతా బాయిలర్ల పక్కన నిలబడి పనిచేసే షిఫ్టు మగధీరులు కూడా ఈ గ్యాలరీ దగ్గరికొచ్చేసరికి బండి వేగం పెంచి ఆంజనేయ దండకం అందుకుంటారు.

వీళ్ళందర్నీ చూసి నవ్వేవాడు జయప్రకాశ్.

టోర్నమెంటు కమిటీ కార్యదర్శి ఆయనే, గ్యాలరీ కట్టే కాంట్రాక్టరూ ఆయనే. పెళ్ళికొడుకూ తానే, పురోహితుడూ తానే అన్నమాట. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి ఎర్రుపాలెం దగ్గర మాగాణి కొన్న కుటుంబం. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, ఎప్పుడూ చేతిలో మైకు. "భయమంటే ఏంటో నాకు తెలీదు" అని ఆ మైకులోనే చెప్పేవాడు. ఆయనకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. కాంక్రీటు వాటిలో ఒకటి.

మర్నాడు ముఖ్య అతిథి వస్తున్నాడు. గ్యాలరీ కిందుగా ఎర్ర కార్పెట్ పరిచి, పూలు చల్లుతూ ఆయన్ని కోర్టులోకి తీసుకెళ్ళాలని జయప్రకాశ్ మనసు పడ్డాడు. దారికి అడ్డంగా ఆ కర్రలున్నాయి. సాయంత్రం మేస్త్రీ మంగీలాల్‌ని పిలిచి ఒక వరస పీకెయ్యమన్నాడు.

"సార్, స్లాబు ఇంకా పచ్చిగుంది. కింద పోటు కర్రలు ముట్టొద్దని ఇంజినీరు మేడం గూడ చెప్పిపోయింది," అన్నాడు మంగీలాల్.

"నేను పైకెక్కి దూకి చూశానయ్యా. కదల్లేదు."

"మీ ఒక్కరికి కదలదు సార్. రేపు జనం ఎక్కుతరు గదా."

"ఒక్క వరసకే కూలిపోతే అది స్లాబేంటి, అప్పడమా?"

మంగీలాల్ నేల చూపులు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇంకోటి గూడ ఉంది సార్... పొద్దుగూకినంక లోపటికి ఎవ్వరు పోతలేరు. కూత ఇనొస్తుంది."

"నువ్వు విన్నావా?"

"ఇన్న సార్. తెగలేదు."

జయప్రకాశ్ పడీపడీ నవ్వాడు. చివరికి, "సరేలే, పొద్దున చూద్దాం," అన్నాడు. మంగీలాల్ బతుకు జీవుడా అనుకుంటూ స్టేడియం వెనక తన రేకుల షెడ్డుకు అన్నం తినడానికి పోయాడు.

కానీ జయప్రకాశ్ మనసులో లెక్క వేరు. ఈ రాత్రికి రాత్రి తనే ఆ కర్రలు పడగొట్టేసి, తెల్లారి అందరి ముందూ చేతులు దులుపుకుంటూ, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు అని మైకులో చెప్పాలి. ముఖ్య అతిథి భుజం తట్టాలి. పేపర్లో ఫోటో పడాలి.

ఆ రాత్రి ఆటలు ఎప్పటిలాగే ఆలస్యంగా ముగిశాయి. సన్మానాలు, శాలువాలు, ఉపన్యాసాలు సాగి సాగి, ఆడపిల్లల మ్యాచ్ ఎప్పటిలాగే అన్నిటికన్నా చివరికి జరిగింది. అది ఆయన చూడలేదు. అప్పటికి కమిటీకి బిర్యానీ వేళయింది.

జనం పోయారు. లైట్లు ఆరాయి. ఆయన సుత్తె పట్టుకుని గ్యాలరీ వెనక్కి నడిచాడు.

లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. పచ్చి సిమెంటు వాసన. పైన స్లాబు మీద నిలబెట్టిన నీళ్ళు చెక్కల సందుల్లోంచి ఒక్కో చుక్కే రాలుతున్నాయి... టప్... టప్... ఫోను లైటు వేద్దామనుకున్నాడు. వాచ్‌మన్ చూస్తే మంగీలాల్‌కి చేరిపోతుందని ఊరుకున్నాడు. చేత్తో తడుముకుంటూ మొదటి కర్ర దొరకబుచ్చుకుని వంగాడు. కర్ర కింద బిగించిన చెక్క ముక్క మీద సుత్తెతో ఒక్కటేశాడు.

టక్.

చుట్టూ ఉన్న కర్రలన్నీ ఆ దెబ్బ విన్నట్టే ఉంది.

రెండోది వెయ్యడానికి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

కబడ్డీ... కబడ్డీ... కబడ్డీ...

గొంతు పెద్దది కాదు. చెవిలో చెప్పినట్టు, పళ్ళ సందు నుంచి వస్తోంది. ఎటు నుంచో తెలియడం లేదు.

ఎవడో తాగుబోతు, అనుకున్నాడు. తనూ బళ్ళో కబడ్డీ ఆడినవాడే. ఎంత దమ్మున్నవాడైనా కాసేపటికి ఆగి గాలి పీల్చుకోవాల్సిందే. ఆగనీ, అప్పుడు చెప్తా వీడి సంగతి... అని తన ఊపిరి కూడా బిగబట్టి విన్నాడు.

కూత ఆగలేదు.

ఆయన ఊపిరి అయిపోయింది. ఛాతీ మండింది. నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ బిగబట్టాడు. మళ్ళీ అయిపోయింది. కూత మాత్రం అలాగే... ఎక్కడా సందు లేకుండా... కబడ్డీ కబడ్డీ కబడ్డీ...

చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పుడైనా బయటికొస్తే బాగుండేది. కానీ మొండితనం ధైర్యంలాగే కనిపిస్తుంది, ముఖ్యంగా చీకట్లో. పళ్ళు కరుచుకుని చెక్క ముక్క మీద రెండోది వేశాడు. మూడోదీ వేశాడు.

ముక్క ఎగిరిపోయింది. కర్ర ఊగింది. ఊగి, చీకట్లోకి ఒరిగి, దబ్బున పడింది.

పైన స్లాబు... కిర్రుమంది.

ఆయన నెత్తి మీద ఇసుక రాలింది. ఆ వెంటనే కూత దగ్గరైంది. ఇప్పుడు ఎడమ పక్కనుంది — కాదు, కుడి పక్కన — రెండు పక్కలా ఉంది.

జయప్రకాశ్ వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో కాలర్ ఎవరో పట్టుకున్నారు. గుంజుకున్నాడు, చొక్కా పర్రున చిరిగింది. పట్టుకున్నది కర్రలకు కట్టిన ఇనప తీగె అని ఆయనకు తెలియదు. తెలుసుకునే లోపే...

చల్లటి చెయ్యి ఒకటి ఆయన కాలి మడమ పట్టుకుంది.

పట్టుకుని లాగింది. ఆయన బోర్లా పడ్డాడు. ఇంకో చెయ్యి రెండో కాలు పట్టింది. నడుం మీద బరువు పడింది. భుజాల మీద బరువు పడింది. భయమెరగని ఆ మహానుభావుడు చిన్నప్పుడు కూడా పెట్టనంత కేక పెట్టాడు.

ఫోను లైటు వెలిగింది.

"ఎవడ్రా నువ్వు, దినాం తాగొచ్చి..." అంటూ లైటు మొహం మీద వేసిన గొంతు ఆగిపోయింది. "అమ్మో. సెక్రెటరీ సార్."

ఆయన మీద కూర్చున్నవి దెయ్యాలు కావు. వీపు మీద నంబర్లున్న జెర్సీలు తొడుక్కున్న ఆడపిల్లలు. మడమ పట్టిన పిల్ల ఇంకా వదల్లేదు. దొరికిన రైడర్‌ని గీత తాకనివ్వకూడదు కదా, అలవాటు. లైటు పట్టుకున్నది హేమ్లి, దుమ్ముగూడెం పక్క తండా జట్టుకు కెప్టెన్.

మనుషులేనని తెలిసి లేచి కూర్చోగానే ఆయనకు నోరొచ్చింది. అలాంటివాళ్ళకు ముందు వచ్చేది నోరే.

"ఎవరు చెప్పారు మిమ్మల్ని ఇక్కడ పడుకోమని?"

"మీరే సార్," అంది హేమ్లి. "లోకల్ టీములకు రూముల్లేవు, రాత్రికి ఇంటికి వోయి పొద్దుగాల రండి అన్నరు. మా ఆట అయ్యేటాళ్లకు ఆఖరి బస్సు ఎల్లిపోతుంది. అడివి తొవ్వల మేం ఎట్ల పోవాలె?"

జయప్రకాశ్‌కి గుర్తొచ్చింది. జిల్లా లోపలి జట్లన్నీ లోకలే అని రూలు రాసింది తనే. మగ జట్లకు ఆ రూలు వర్తించలేదు. వాళ్ళ కోసం ఎవరో ఒకరు ఫోన్ చేశారు.

"మరి ఆ కూత?"

"మొదటి రాత్రి ఎవరో తాగినోళ్లు వచ్చి లైట్లేసి సూసిన్రు సార్. మంగీలాల్ మామ చెప్పిండు, మనిషంటే వస్తరు బిడ్డా, దెయ్యమంటే రారు అని. అప్పటిసంది ఇద్దరం మేలుకుంటున్నం. అలికిడైతే కూత పెడతం. నా దమ్ము అయిపోయే ముంగట సాహిత్య అందుకుంటది, దాని దమ్ము అయిపోతే మళ్ల నేను."

"మంగీలాల్ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు మమ్మల్ని బయటికి ఎల్లగొడతరని."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. హేమ్లి చేతిలో లైటు కూడా అటే తిరిగింది.

గోడ వారగా పరిచిన చాపల మీద మిగతా పిల్లలు లేచి కూర్చుని ఉన్నారు. ఒక్క పిల్ల లేవలేదు. చాంది, జ్వరం మాత్ర వేసుకుని ఒళ్ళెరగక పడుకుంది. ఆయన పడగొట్టిన జామాయిల్ కర్ర ఆ పిల్ల తలకు జానెడు దూరంలో, కప్పుకున్న దుప్పటి అంచు మీద పడి ఉంది. దానికి సరిగ్గా పైన, స్లాబు కింది చెక్కలు విడిపోయి కొంచెం కిందికి వేలాడుతున్నాయి.

వరస మొత్తం కాదు, ఇంకొక్క కర్ర పడి ఉంటే... ఆ మాట జయప్రకాశ్ పూర్తిగా అనుకోలేకపోయాడు. చేతిలో ఇంకా ఉన్న సుత్తెను మెల్లగా వీపు వెనక్కి దాచాడు.

కేక విని మంగీలాల్ పరుగెత్తుకొచ్చాడు. పడిన కర్రను చూశాడు, పైన చెక్కలు చూశాడు. పిల్లలందర్నీ బయటికి పంపి, చాందిని తనే ఎత్తుకుపోయి పడుకోబెట్టి వచ్చాడు.

"సుత్తె ఇటియ్యుండ్రి సార్," అన్నాడు. కర్ర నిలబెట్టి, చెక్క ముక్క మళ్ళీ దిగ్గొట్టాడు.

ఆ రాత్రే జయప్రకాశ్ తన కారులో రెండు విడతలుగా ఆ పిల్లల్ని లాడ్జికి చేర్చాడు. జాలి అనుకోకండి. తెల్లారి ఎవరైనా వాళ్ళనక్కడ చూస్తే తన కార్యదర్శి పదవి గల్లంతవుతుందని.

పొద్దున ముఖ్య అతిథి దిగగానే కార్పెట్ ఎటు పరవాలని కమిటీవాళ్ళు అడిగారు. జయప్రకాశ్ మైకు అందుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను నమ్మలేదు. రాత్రి నా చెవులారా విన్నాను. ప్రజల క్షేమం దృష్ట్యా, పని పూర్తయ్యేదాకా గ్యాలరీ మీదికీ కిందికీ ఎవరూ పోవద్దని మనవి."

ముఖ్య అతిథి గ్యాలరీ వైపు ఓ దణ్ణం పెట్టి, చుట్టు తిరిగి వెనక గేటు నుంచి లోపలికొచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నిజం చెప్పమంటే ఇంత మంది వినేవారు కాదు.

పేపరు విలేకరి ఒకతను కోర్టు పక్కన కాళ్ళకు పట్టీలు చుట్టుకుంటున్న హేమ్లి దగ్గరికి పోయాడు.

"ఏమమ్మా, మీరు కూడా ఆ దెయ్యాన్ని చూశారా?"

హేమ్లి వేదిక వైపు ఓసారి చూసింది.

"అవ్ సార్, సూసిన. తెల్లబట్టలే. చేతిల సుత్తె ఉండె."