దిండు కింద ఉక్కు కడ్డీ

వయొలిన్ మాస్టారి దిండు కింద, సరిగ్గా ఆయన మెడ ఆనే చోట, మొనదేలిన ఉక్కు ఆయుధం ఒకటి దొరికింది.

జానెడు పొడవు, పాములా రెండు వంపులు. ఒక చివర బాకు మొన, రెండో చివర నొక్కులు. ఏ కాలం నాటిదో, నల్లబడి అరిగిపోయింది. మాస్టారి భార్య దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని, అందరూ నిదానం గారని పిలిచే ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పక్కలు వేసేది కోడలేనట. పోయిన వారం ఆ పిల్ల దుమ్ము తుడిచిన దగ్గర్నుంచే ఇంట్లో పాత వయొలిన్ గొంతు పడిపోయిందట. సాయంత్రం రైలుకి కొడుకు ఆమెను పుట్టింట్లో దిగబెట్టి వచ్చేస్తాడట.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం బాబూ. వాయిద్యం అయింది, ఇక మనిషి మీద పడింది" అందామె.

నిదానం గారు మొనను భూతద్దంలో చూశారు. రక్తం జాడ లేదు. సన్నటి కొయ్య పీచు మాత్రం అంటుకుని ఉంది. ఆయన సహాయకురాలు మెచ్చుకోవడానికి నోరు తెరిచేలోపే చెప్పులేసుకున్నారు.

మాస్టారింటి ముందు గదిలో కోడలి పెట్టె సర్ది ఉంది. ఏమడిగినా ఆమె చెప్పేదేం లేదంది. ఒక్కసారి మామగారి వైపు చూసి తల దించుకుంది. సహాయకురాలు మాస్టారి కుర్చీ వెనక నిలబడి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు. నిదానం గారు ఎదురుగా కూర్చుని అదే అడిగితే, బాగా పట్టిందని వెంటనే చెప్పారు.

తర్వాత నిదానం గారు, మామగారి దగ్గరే పాఠం నేర్చుకుంటున్న కోడలిని వయొలిన్ వాయించమన్నారు. దాని పెట్టెలోంచి తీస్తుంటే వయొలిన్ లోపల ఏదో దొర్లింది. కమాను లాగగానే పగిలిన కుండ మూలిగినట్టు మోత. అత్తగారు చెవులు మూసుకుంది. కొడుకు మొహం తిప్పుకున్నాడు. మాస్టారు మాత్రం కమాను మీదే చూపు నిలిపి, తొడ మీద తాళం వేస్తూ అన్నారు: "భేష్. చెయ్యి చక్కగా ఆడుతోంది."

నిదానం గారు అందరినీ దగ్గరగా కూర్చోబెట్టారు. వయొలిన్‌ను వంచి కదిపితే, పై పలకలోని రంధ్రం నుంచి పెన్సిలంత లావున్న పొట్టి కొయ్య పుల్ల జారిపడింది. పుల్ల మీద ఒక పక్క చిన్న గాటు. కడ్డీ మొన అందులో ఒదిగిపోయింది. కడ్డీ వంపు రంధ్రంలోంచి ఎక్కడా తగలకుండా లోపలికి దిగింది.

"ఇది ఆయుధం కాదు, పాతకాలపు పనిముట్టు. పై పలకకీ అడుగు పలకకీ మధ్య ఈ పుల్ల నిలబడితేనే వయొలిన్ పలుకుతుంది. మొనకి గుచ్చి నిలబెడతారు, నొక్కుల చివరతో జరుపుతారు. ఎవరో జరపబోయి పడగొట్టారు."

"ఇదేగా?" అంది అత్తగారు కోడలిని చూపిస్తూ.

"కాదమ్మా. ఆ మనిషి తర్వాత మళ్లీ నిలబెట్టబోయారు. నిలబడిందనే అనుకున్నారు. పుల్ల లోపల దొర్లుతున్నా, ఆ మోత చెవిలో పడుతున్నా భేష్ అన్నది ఈ గదిలో ఒక్కరే."

అందరి తలలూ మాస్టారి వైపు తిరిగాయి. ఆయన ఒక్కొక్కరి పెదాలూ చూసుకుంటూ వచ్చి, కోడలి దగ్గర ఆగారు.

"ఏడాదిగా నాకు వినపడట్లేదు" అన్నారు. "లోపం వయొలిన్‌దే అనుకున్నాను. మా గురువుగారి పెట్టెలోంచి కడ్డీ తీసి పుల్ల జరిపాను. మీరంతా గొంతు పోయిందన్నాక, పుల్ల పడిపోయిందని అర్థమైంది. నిన్న మళ్లీ సర్దుతుంటే అడుగుల అదురు తెలిసి కడ్డీ దిండు కింద దోపాను. చెవిటివాడి దగ్గర పాఠానికి ఎవరొస్తారని భయం. నింద నీ మీద పడుతుంటే ఒక్కొక్కరి పెదాల మీద ప్రతి మాటా చదివానమ్మా. నా సంగతి నీకు ముందే తెలుసు. నా పరువు కోసం నోరు మెదపలేదు. పొద్దున నువ్వు పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూశాను. కాఫీ ఇవ్వనా మామయ్యా అన్నావు. ఇవ్వమన్నాను."