ఆకుపచ్చ టేపు వేసిన సీసా

గురువారం సాయంత్రం 7:31కి డ్వేన్ హోల్కమ్ చనిపోయినట్టు డాక్టర్ ప్రకటించాడు.

వయసు ముప్పై నాలుగు. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో స్కూలు బస్సు నడిపేవాడు. పుట్టినప్పటినుంచీ వేరుశనగ పడదు. పిసరంత తగిలినా గొంతు మూసుకుపోతుంది.

6:50కి భోజనానికి కూర్చున్నాడు. 7:05కి భార్య టెస్ ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. ప్రాణం నిలపాల్సిన ఇంజెక్షన్ బస్సులో ఉండిపోయింది.

డిటెక్టివ్ మేరియన్ కోస్టెల్నిక్ వెళ్లేసరికి కూర గిన్నె ఇంకా స్టవ్ మీదే ఉంది. మాంసం, బీన్స్ వేసి ఎర్రగా ఉడికించిన చిల్లీ. గుమ్మం దగ్గర డ్వేన్ సూట్‌కేసు సర్ది ఉంది.

"ఎక్కడికి ప్రయాణం?"

"వాళ్లమ్మ దగ్గరికి. పొద్దున్న గొడవపడ్డాం." టెస్ గోడకి ఆనుకుని నిలబడింది. "వెళ్లొద్దని అడుగుదామనే ఆయనకిష్టమైంది వండాను."

"వేరుశనగ ఇంట్లో ఉంటుందా?"

"తొమ్మిదేళ్లుగా ఈ గుమ్మం దాటి రాలేదు మేడమ్."

డ్వేన్ తల్లి లొరెయిన్ అలా అనుకోలేదు. అంత్యక్రియల్లో అందరి ముందూ కోడలి మీద విరుచుకుపడింది. "నా కొడుకు నిన్ను వదిలేస్తాడని చంపేశావు కదే!" మర్నాటికి ఊరంతా అదే మాట. పక్కింటివాళ్లు ఆమెని చూసి కర్టెన్లు వేసుకున్నారు.

మంగళవారం లాబ్ రిపోర్టు వచ్చింది. మాంసంలో లేదు. బీన్స్‌లో లేదు. టమాటాల్లో లేదు. వేరుశనగ దొరికింది చిల్లీ మసాలా సీసాలో. తయారుచేసిన కంపెనీ దాచిన సాంపిల్ మాత్రం శుభ్రంగా ఉంది.

అంటే ఎవరో కలిపారు.

"ఇంకేం కావాలి?" అన్నాడు ఆమె పైఅధికారి షెరిఫ్. "రేపు అరెస్టు చెయ్యి."

"ఒక్కరోజు ఆగండి సార్."

మేరియన్ లాబ్‌కి వెళ్లింది. సీసాలోది కదలకుండా ఒక గాజు గొట్టంలోకి దించమంది. కింద సగం ముదురు ఎరుపు. పైన సగం కాస్త పాలిపోయిన ఎరుపు.

"రెండూ వేరువేరుగా టెస్ట్ చెయ్యండి."

గంటలో ఫలితం తేలింది. కింది పొడిలో వేరుశనగ లేదు. ఉన్నదంతా పైపొరలోనే.

మేరియన్ తిన్నగా టెస్ ఇంటికెళ్లింది.

"ఈ సీసా ఎక్కడ కొన్నావు?"

"చర్చి వాళ్ల పాతసామాన్ల కొట్లో. ఆయన పోయే ముందు శనివారం." టెస్ తల దించుకుంది. "సూపర్‌మార్కెట్లో ఆరు డాలర్లు మేడమ్. అక్కడ డెబ్భై అయిదు సెంట్లు. పాత కోట్లు, పళ్లేల మధ్య మసాలాల అర ఉంటుందని చాలామందికి తెలీదు. నేను దాల్చినచెక్క, జీలకర్ర అన్నీ అక్కడే కొంటాను."

"సీలు చూశావా?"

"అది చూడకుండా ఏదీ కొనను. మూత చుట్టూ ఆకుపచ్చ టేపు గట్టిగా చుట్టి ఉంది."

"కొన్నాక దాన్ని తెరిచింది ఎవరు?"

"నేనే. ఆ సాయంత్రం. ఆరింటికి."

కొట్టు మేనేజర్ గ్లెన్ ప్రూయిట్ నెమ్మదైన మనిషి. టేపు అనగానే తెల్లబోయాడు.

"మేం టేపు వెయ్యం. కంపెనీ సీలు తెగితే చెత్తబుట్టలోకే. అదే రూలు."

"మసాలాల అర ఎవరు చూస్తారు?"

గ్లెన్ మసాలాల అర వైపు చూశాడు.

"లొరెయిన్," అన్నాడు. "పదకొండేళ్లుగా ఆవిడే. ఇంకొకరిని ముట్టనివ్వదు."

మేరియన్ లొరెయిన్ తలుపు తట్టేసరికి లోపలినుంచి మాడువాసన గుప్పున కొట్టింది. స్టవ్ మీద పాలగిన్నె నల్లగా మాడిపోతోంది. లొరెయిన్ దాని పక్కనే కూర్చుని ఉంది. మేరియన్ వెళ్లి స్టవ్ కట్టేసింది.

"వాసన రాలేదా అమ్మా?"

"మూడేళ్ల క్రితం జ్వరమొచ్చింది. అప్పట్నుంచీ ముక్కు పనిచెయ్యదు. ఆ పిల్లని అరెస్టు చేశారా?"

"లేదు. మీరు కొట్టుకి సీసాలెలా సర్దుతారో చెప్పండి."

లొరెయిన్ మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది.

"జనం కొట్టుకి ఇచ్చేవాటిలో సగం సగం సీసాలొస్తాయి. పారేయమంటాడు గ్లెన్. ఎలా పారేస్తాం? బీదాబిక్కీ కొనుక్కుంటారు. ఇంటికి తెచ్చి మిరియాల్లో మిరియాలు, మిరప్పొడిలో మిరప్పొడి కలిపి నిండు సీసాలు చేస్తాను. శుభ్రంగా టేపు వేస్తాను."

"ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"రంగు చూసి."

"ఈ మధ్య మిరప్పొడి ఎక్కడినుంచి వచ్చింది?"

ఆమె అలమర తెరిచి ఖాళీ డబ్బా తీసింది. చనిపోయిన ఎవరో ముసలాయన ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిందట. దాని మీద థాయ్ అక్షరాలు. మేరియన్ దాన్ని కవర్లో పెట్టి సీలు చేసింది. రెండు గంటల తర్వాత అనువాదం అందింది.

సాతే మసాలా. మిరప, ధనియాలు, వేరుశనగ పొడి.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మేరియన్ ముగ్గురినీ ఆఫీసుకి పిలిచింది. టెస్ ఒక కొసన. లొరెయిన్ ఇంకో కొసన. మధ్యలో గ్లెన్. బల్ల మీద గాజుగొట్టం, డబ్బా.

"టెస్ చంపలేదు," అంది మేరియన్. "ఎవరూ చంపాలనుకోలేదు. మేమందరం వేరుశనగ ఎక్కడుందో వెతికాం కానీ, సీసాలో ఏ సగంలో ఉందో చూడలేదు. వంటింట్లో ఎవరైనా కలిపి ఉంటే ఇలా పొరగా ఉండదు. దాచడానికి కలియబెడతారు. పోసినవాళ్లకి దాచాల్సిన అవసరమే లేదు. సీసా నింపారంతే."

లొరెయిన్ డబ్బా వైపు చూసింది. తర్వాత గొట్టం వైపు.

"దాన్లో ఏముంది?"

మేరియన్ చెప్పింది.



"ముప్పై నాలుగేళ్లు," అంది లొరెయిన్. "బిస్కెట్టు పొట్లం మీది అక్షరమైనా చదవకుండా వాడి నోట పెట్టలేదు నేను." ఆమె వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. "ఇది మా ఇంటికి కాదుగా అనుకున్నాను. కొట్టుకి కదా అనుకున్నాను. టెస్ అక్కడ మసాలాలు కొంటుందని నాకు తెలీదు."

గ్లెన్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ శనివారం నేను కొట్లో ఉండాల్సింది," అంది లొరెయిన్ మళ్లీ. "కౌంటర్లో ఉంటే అది టెస్ చేతికి ఇవ్వనిచ్చేదాన్ని కాదు. హీటర్ బాగుచేస్తానని డ్వేన్ వచ్చాడు. వాడి కోసమే ఇంట్లో ఉండిపోయాను." రెండు చేతులూ మేరియన్ ముందు చాపింది. "బేడీలు వెయ్యండి."

"అది ప్రాసిక్యూటర్ నిర్ణయించాలమ్మా. ఇవాళ్టికి ఇంటికెళ్లండి."

లొరెయిన్ లేవబోయి కూలబడింది. అప్పుడు టెస్ వైపు తిరిగింది.

టెస్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"అందరి ముందూ హంతకురాలన్నారు నన్ను," అంది. "ఆయన్ని కడసారి ముట్టుకోనివ్వలేదు. శవపెట్టె దగ్గరికి కూడా రానివ్వలేదు. అది నేను మర్చిపోలేనత్తయ్యా."

"మర్చిపోకు," అంది లొరెయిన్.

టెస్ కోటు తొడుక్కుని తలుపు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కొచ్చి అత్తగారి చంక కింద చెయ్యి వేసి లేపింది.

"ఈవిడ కారు నడిపే స్థితిలో లేదు మేడమ్. నేను దింపుతాను."

మేరియన్ కిటికీ దగ్గర నిలబడింది. టెస్ అత్తగారిని కూర్చోబెట్టి సీటుబెల్టు పెట్టింది. ఇంజను స్టార్టయింది. బండి కదల్లేదు. ముందు సీట్లలో ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా, తిన్నగా ఎదుటి గోడని చూస్తూ ఏడుస్తున్నారు.

4:20కి కారు మెల్లగా రోడ్డెక్కింది.