కుడి నుంచి ఎడమకి

సుభొజిత్ టీ తాగి దుకాణానికి బయల్దేరాక దోర్కా చీపురు పట్టుకుని అలమర దగ్గర ఆగిపోయింది. రోజూ అక్కడే ఆగుతుంది. పై అరలో మాంగా పుస్తకాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే కథవి, రెండో భాగం నుంచి పదకొండో భాగం దాకా. ఒకటో భాగం ఉండాల్సిన చోట మాత్రం పసుపు డబ్బా ఉంది, మిగతావి ఒరిగిపోకుండా అడ్డంగా. ఇందా పేటలో కాపురం పెట్టిన నాలుగేళ్ళ నుంచీ ఆ డబ్బా అక్కడే ఉంది.

పాత పుస్తకాలమ్మే మొగుడుండి కూడా ఒక్క పుస్తకానికి మొహం వాచిపోయానని ఆమె అప్పుడప్పుడూ ఉడుక్కుంటుంది. పాపం, సుభొజిత్ మాత్రం ఏం చేస్తాడు? కలకత్తాలో కాళ్ళరిగేలా తిరిగాడు. ఆ కథ ఇప్పుడు అచ్చులో లేదు. ఆమెకు తెలిసి ఒకటో భాగం ఉన్నది ఒక్కచోటే. అదే ఊళ్ళో మలంచా పేటలో, నాన్న తిమోతి ఇంట్లో. టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కితే పది నిమిషాలు.

ఆ పది నిమిషాల దూరమే ఆమె దాటలేకపోయింది. తిమోతి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చర్చి గడప తొక్కని బెంగాలీ కుర్రాణ్ణి కూతురు చేసుకుంటాననేసరికి ఆయనకు మింగుడు పడలేదు. ఆ రోజు ఇద్దరూ నోటికొచ్చినట్టు అనుకున్నారు. "ఈ బొమ్మల పుస్తకాలే నిన్ను పాడుసేసినాయి" అని ఆయన అరిచాడు. ఆమె పది పుస్తకాలూ నాలుగు జతల బట్టలూ సంచిలో కుక్కుకుని బయటికి నడిచింది. మంచం మీద తెరిచి ఉన్న ఒకటో భాగం ఆ కంగారులో అక్కడే ఉండిపోయింది.

ఫోను మోగింది. వదిన ప్రశాంతి.

"దోర్కా, క్రిస్మస్‌కి గోడలకి సున్నం ఏయిస్తన్నాం. మావయ్య దిండు కింద నీ పుస్తకం ఉన్నాది కదా, ఈ గందరగోళంలో ఏటైపోతాదో నాకు తెల్దు. వచ్చి అట్టుకుపో."

"నాన్న దిండు కిందా? ఇంట్లోనే ఉన్నారా ఆయన?"

"ఎక్కడికెల్తారు? అత్తయ్య పోయిన కాడి నుంచి వరండా దిగితే ఒట్టు. నువ్వు రాయే అమ్మా. పుస్తకం వంకనైనా రా."

అమ్మ ఎలీసమ్మ పోయింది మొన్నటి వానాకాలంలో. ఆ తర్వాతే దోర్కా ఆ కథను మళ్ళీ చదివింది. జపాన్‌లో ఒక కొండ ఊరు. గొడుగులు చేసే తండ్రి, ఇల్లు విడిచి పట్నం పోయే కూతురు. కాలేజీ రోజుల్లో ఆ పిల్లంటే దోర్కాకు ప్రాణం. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడని పిల్ల! తండ్రి ఉన్న పేజీలు గబగబా తిప్పేసేది. ఈసారి ఆ పేజీల దగ్గరే చూపు ఆగింది. బొమ్మ మూలల్లో, ఎవరూ చెప్పి చేయించుకోని ఎర్ర గొడుగులు. భాగం మారేకొద్దీ గుమ్మం పక్కన ఒక్కొక్కటీ పెరుగుతున్నాయి, రాని కూతురి కోసం. ఇన్నేళ్ళూ అవి తనకు కనపడనేలేదు. మొదట ఆ పిల్ల మీద మండిపడింది, తర్వాత ఆ పిల్లను మెచ్చుకున్న తన మీద. అప్పటి నుంచీ ఒకటే తపన. తలుపు దగ్గర బొమ్మ మళ్ళీ చూడాలి. కూతురు వెళ్ళిపోయేటప్పుడు ఆ తండ్రి ఎలా ఉన్నాడో ఒక్కసారి చూడాలి. ఆ బొమ్మేమో ఒకటో భాగంలో ఉంది.

"మలంచా జాబేన్, దాదా?" అని బెంగాలీలో అడిగి టోటో ఎక్కింది. దారంతా ఒకటే పాఠం వల్లించుకుంది. పుస్తకం తీసుకుంటాను, వచ్చేస్తాను.

తిమోతి వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. గేటు చప్పుడుకి తలెత్తి చూశాడు గానీ లేవలేదు.

"వచ్చినావా?"

"పుస్తకం కోసం వచ్చినాను." నోట్లోంచి అదే వచ్చింది. పాఠం అంత బాగా వల్లించింది మరి.

ఆయన మొహం ముడుచుకుపోయింది. "పుస్తకం కోసమా? అయితే లేదు, ఎల్లు."

"నాది నాన్నా అది."

"నాలుగేళ్ళు నా దిండు కింద ఉన్నాది. ఇప్పుడొచ్చి నాదంటే ఇచ్చీడానికి నేనేటి ఎర్రోణ్ణా?"

ప్రశాంతి టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. దోర్కాకు కోపం నషాళానికెక్కింది.

"అమ్మని మట్టి చేసిన రోజు సమాధుల తోట గేటు దగ్గర నిలబడ్డాను. చూసినావు నువ్వు. చూసి కూడా పిలవలేదు. కన్నకూతుర్ని పిలవడానికి నోరు రాలేదు గాని, పుస్తకం మాత్రం దిండు కింద కావాలా?"

"ఎలా పిలుస్తానే?" అన్నాడు ముసలాయన. "పిలవకూడదు. తనంతట తను రావాల. పుస్తకంలో అలాగే ఉన్నాది కదా!"

"ఏ పుస్తకంలో?"

తిమోతి దిండు కింద చెయ్యి పెట్టి తీశాడు. క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది, చక్కగా మూలలు మడిచి. కళ్ళజోడు సర్దుకుని బైబిలు తెరిచినట్టే ఎడమవైపు నుంచి తెరిచాడు.

"నువ్వు పోయినాక, నా పిల్లని ఏటి పాడుసేసినాదో సూద్దామని తీసినాను. ఇదిగో, మొదట్లో ఈ పిల్ల పట్నంలో ఒక్కర్తీ ఉన్నాది. ఏడుస్తన్నాది. తరవాత టేసనుకొచ్చినాది, ఇదిగో బండి. ఇది వంతెన. ఆఖర్న, ఇదిగో సూడు, ఇంటికొచ్చీసినాది. సంచి కింద పెట్టినాది. తండ్రి గుమ్మంలోనే ఉన్నాడు. ఎవుడూ ఎల్లి పిలవలేదు. పిల్లే వచ్చినాది."

 దోర్కా ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ నాలుగేళ్ళ కడుపుమంట ఊరుకోనివ్వలేదు.

"తిరగేసి చదివినావు నాన్నా! ఈ పుస్తకాలు కుడి నుంచి ఎడమకి చదవాలి. నువ్వు ఆఖరనుకున్నదే మొదలు. రావడం కాదది, పోవడం. ఆ పిల్ల ఇల్లు విడిచి పోతోంది!"

తిమోతి ఆ పేజీ వంక చూశాడు. వెనక్కి ఒక పేజీ తిప్పాడు. ముందుకు తిప్పాడు. వేలితో వంతెన మీద నుంచి మెల్లగా ఇటు నుంచి అటు గీశాడు.

"అలగా?" అన్నాడు. "మాటలు తికమకగానే ఉన్నాయి. నాకొచ్చిన ఇంగిలీషు సాలదేమో అనుకున్నాను."

టీ గ్లాసులు కింద పెట్టి ప్రశాంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అమ్మ ఇందా ఎల్లొస్తానన్నాది," అన్నాడు తిమోతి పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఒకసారి కాదు. సీర కట్టుకుని బయల్దేరిపోనాది కూడాను. నేనే ఆపినాను. ఈ బొమ్మ సూపించి ఆపినాను. సూడు ఎలీసమ్మా, పిల్లే వస్తాది, మనం తొందరపడి పాడుసెయ్యకూడదు అన్నాను. సరే అన్నాది. రోజూ పడుకునీటప్పుడు ఈ పేజీ తియ్యమనీది. ఆసుపత్రికి కూడా తెమ్మన్నాది."

 అమ్మ ఎందుకు రాలేదా అని దోర్కా ఎన్ని రాత్రులు కుమిలిందో! కట్టుకున్న చీర విప్పి మడత పెట్టుకునేటప్పుడు అమ్మ మొహం ఎలా ఉందో ఇప్పుడిక ఎవరు చెబుతారు? నాన్న తప్పు చదివాడు, నిజమే. సరిగ్గా చదివిన తను ఏం వెలగబెట్టింది? వెళ్ళిన పిల్ల తిరిగి చూడకూడదని నేర్చుకుంది. గేటు దాకా వచ్చి గేటు దగ్గర నుంచే పోయింది.

ఆయన పక్కన మంచం మీద కూర్చుని పుస్తకం వంక వంగింది. వెతుక్కుంటూ వచ్చిన బొమ్మ అదే. ఇద్దరి మధ్య నేల మీద సంచి, ఆ సంచి పట్టీ మీద తండ్రి చెయ్యి. తీసుకుని పొమ్మని ఆ చెయ్యి తోస్తోందనుకుంది ఇరవయ్యేళ్ళప్పుడు. అది తోయడం లేదు. వదలకుండా పట్టుకుని ఉంది.

"మరి ఆఖరికి వస్తాదా, ఈ పిల్ల?" అని తిమోతి అడిగాడు. "నీ దగ్గర మిగతావి ఉన్నాయి కదా. సెప్పు."

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"వస్తుంది నాన్నా. పదకొండో భాగంలో. అప్పటికి ఇల్లు తాళం వేసి ఉంటుంది."

ఆయన పుస్తకం మూసి మంచం మీద పెట్టాడు. వంగి మంచం కింద చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి మావయ్యా?" అంది ప్రశాంతి.

"ఇందా."

ఒక చెప్పు కాలికి తొడిగాడు. రెండోది దొరకలేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో, ప్రతి సందూ తెలిసిన మనిషి, కొత్తవాడిలా కూతుర్ని అడిగాడు.

"ఎంత దూరమే?"

"పది నిమిషాలు నాన్నా."

"పది నిమిషాలు," అన్నాడు తిమోతి. అని, ఒంటి చెప్పుతో అలాగే కూర్చుండిపోయి, భార్య పోయిన రోజు కూడా ఏడవని మనిషి బావురుమన్నాడు. "మీ అమ్మ సీర కట్టుకుని నిలబడినాది కదే! పది నిమిషాలే కదే!"

దోర్కా ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మంచం కింద చెయ్యి పెట్టి రెండో చెప్పు బయటికి లాగింది. కింద కూర్చుని ఆయన కాలికి తొడిగింది. ప్రశాంతి గేటు దాకా పరుగెత్తి టోటోని కేకేసింది. తండ్రీ కూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. పుస్తకం మంచం మీదే ఉండిపోయింది, ఈసారి కూడా.