చీటీ లేకుండా ఇవ్వను

మా అత్తగారితో నాకున్న బాధ ఒక్కటే. ఈ పదకొండేళ్లలో ఆవిడ ఒక్క తప్పు కూడా చేయలేదు. పప్పు మాడితే పొయ్యి మంచిది కాదు, మిరపతోటకు తెగులొస్తే గాలి మంచిది కాదు, కొడుకు మాట వినకపోతే కోడలు మంచిది కాదు. ఇంత నిర్దోషితో ఒకే వంటింట్లో కాపురం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

అటువంటి రాఘవమ్మగారికి మణుగూరు మందుల షాపులో ఒక కుర్రవాడు ఎదురుచెప్పాడు.

ఆవిడ అడిగింది ఒక తెల్ల ట్యూబు. మా ఆడపడుచు దీపికకు చిన్నప్పటి నుంచీ ఎగ్జిమా. మోచేతుల మడతల్లో, మెడ మీద, కళ్ల చుట్టూ ఎర్రటి దద్దురు, దురద. ఆ ట్యూబు పూస్తే రెండు రోజుల్లో మాయమవుతుంది, ఆపిన నాలుగో రోజుకు రెట్టింపై వస్తుంది.

కౌంటర్ వెనకాల ఉన్నది సతీష్. ఎం.ఫార్మసీ చదివి సొంతంగా షాపు పెట్టుకున్నాడు.

"డాక్టర్ చీటీ ఉందా అమ్మా?"

"ట్యూబుకు చీటీ ఏందయ్యా? పక్క షాపులో చాక్లెట్ ఇచ్చినట్టు ఇస్తారు."

"చీటీ లేకుండ నేనియ్య. అండ్ల స్టెరాయిడ్ ఉంటది. మొకానికి గట్ల పూయొద్దు."

"మొహానికని నీకెవరు చెప్పారు?"

అతను అత్తగారి వెనక చున్నీ కళ్ల దాకా లాక్కుని నిలబడిన దీపికను ఒక్కసారి చూసి, గబుక్కున తల దించుకుని, ఒక లోషన్ సీసా తీసి ఇచ్చాడు.

నెల రోజులు రావలసిన ఆ లోషన్ మా ఇంట్లో వారానికే అయిపోయేది. పిల్ల తాగుతోందేమోనని అనుమానమొచ్చి ఒకసారి వెంట వెళ్లాను. తాగడం లేదు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి పాఠం వింటోంది.

"మీ చేను అడవి పక్కనే గద. పందులు రాకుండ మంచె మీద కావలి పెడ్తరు. చర్మంల గూడ గట్లనే కావలి కణాలు ఉంటయ్. ఒకటి కేకేస్తే పక్కది అందుకుంటది. మీ కావలోళ్లకు భయమెక్కువ. ఆకు కదిలినా కేకే. అందరు కర్రలు పట్టుకొని ఉరికొచ్చి మీ చేనే తొక్కుతరు. ఆ లొల్లే మీ దురద."

"అయితే నాది రోగం కాదు, పిరికితనం."

"మీది కాదు, మీ కణాలది."

"మరి మీకు లేదా?"

"ఏంది?"

"పిరికితనం. ఆర్నెల్ల నుంచి సీసాలు అమ్ముతున్నారు. ఒక్క మాట అడగరు."

సతీష్ చేతిలోని బిల్లు కింద పడింది. నేను అటు తిరిగి ఓఆర్‌ఎస్ పొట్లం మీది అక్షరాలు శ్రద్ధగా చదివాను.

ఇంటికొచ్చి అత్తగారి దగ్గర మెల్లగా అతని పేరెత్తాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూనే, "ట్యూబే ఇవ్వని వాడికి పిల్లనివ్వాలా?" అంది.

శ్రావణంలో వాన పట్టుకున్నప్పుడు దీపికకు జ్వరం వచ్చింది. రెండో రోజు కళ్ల చుట్టూ, మెడ మీద, మోచేతుల మడతల్లో నీటి పొక్కులు. అత్తగారు చూడగానే చేతులు జోడించింది. ఆటలమ్మ తల్లి పోసిందన్నది.

గుమ్మానికి వేపమండలు కట్టారు. తాలింపు బంద్. బయటివాళ్లు రాకూడదు, మందుబిళ్ల మాట ఎత్తకూడదు. ఆవిడ చిన్నప్పుడు తమ్ముడికి తల్లి పోస్తే ఎవరో సూది వేయించారట. తెల్లారేసరికి పిల్లాడు లేడు. అది చెబుతుంటే ఆవిడ మాటలో మొండితనం లేదు, భయం ఉంది. మా ఆయన నోరు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

మూడో రోజుకు పొక్కులు గుంపులుగా కలిసిపోయి, చిట్లి, చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ఎడమ కన్ను తెరుచుకోలేదు.

"వదినా, కన్ను పోతుందా?"

నన్ను పట్టుకున్న ఆ చెయ్యి పెనంలా కాలుతోంది.

అత్తగారి మాట జవదాటే కోడలిని కాను. మందు తేలేదు, డాక్టరును పిలవలేదు. ఫోటో ఒకటి తీసి మందుల షాపు నంబరుకు పంపాను, అంతే.

అరగంటలో బైకు ఆగింది. సతీష్ నీళ్లోడుతూ వచ్చి వేపమండలకు అవతలే నిలబడ్డాడు.

"లోపలికి రాకు. తల్లి ఉంది," అంది అత్తగారు.

"రానమ్మా. ఒక్కటే అడుగుతా. వీపు మీద ఉన్నయా పొక్కులు? కడుపు మీద?"

అత్తగారు నా వైపు చూసింది. లేవన్నాను.

"పాత దద్దురు ఉన్న కాడనే లేచినయ్ గద. తల్లి గట్ల చోటు ఎంచుకొని పోస్తదా?"

ఆవిడ వెనక్కి తిరిగి దీపిక మంచం వైపు చూసింది.

"కావలోళ్లంత ఒక గట్టు కాడ లొల్లి చేస్తుంటే, రెండో గట్టు నుంచి పందులు దిగినయ్. వైరస్ అనుకుంటున్న. నేను డాక్టర్ను కాదు, తప్పు కావచ్చు. కానీ కన్ను కాడికి వచ్చిందమ్మా. జల్దీ దవాఖానకు పోదాం. తల్లికి కోపమొస్తే నా మీదికి రానీయుండ్రి."

అతను రెండు చేతులూ జోడించాడు. అత్తగారు ఆ చేతులనే చూస్తూ నిలబడింది. తర్వాత తనే వేపమండలు విప్పి, కళ్లకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టింది.

భద్రాచలానికి కారులో బయల్దేరాం. అడవి దాటి, గోదావరి వంతెన మీదికి వచ్చాక అత్తగారి పెదవులు కదలడం చూశాను. ఏ దేవతకు ఏం మొక్కుకుందో తెలియదు.

సతీష్ అనుమానమే నిజం, వైరసే. డాక్టరమ్మ సెలైన్‌తో మందు ఎక్కించి, కన్ను సంగతి రెండు రోజుల దాకా చెప్పలేమంది. స్టెరాయిడ్ పూస్తే ఇలాంటివి ముదురుతాయంటూ, మొహానికి ఏమైనా పూశారా అని అడిగింది. అత్తగారు సీలింగ్ ఫ్యాను వైపు చూసింది.

ఆ రెండు రోజులూ మా ఇంటిల్లిపాదికీ అన్నం దిగలేదు. మూడో రోజు వాపు తగ్గి కన్ను తెరుచుకుంది. ఆ కంటికి మొదట కనిపించింది గుమ్మం దగ్గర సతీష్.

"షాపు మూసేసి వచ్చారా?" అంది దీపిక.

"భయమైంది."

"మీ కణాలకా?"

"నాకే. అడగమన్న మాట అడగకముందే..." అని ఆగిపోయాడు.

"ఇప్పుడు అడగండి."

అడిగాడు. నేను ఈసారి సెలైన్ సీసా మీది అక్షరాలు చదివాను.

పదిహేను రోజుల తర్వాత అత్తగారు నన్ను వెంటబెట్టుకుని మందుల షాపుకు వెళ్లింది. నలుగురు కొనేవాళ్లున్నారు. సతీష్ లేచి నిలబడ్డాడు.

"మీ అమ్మగారు ఆదివారం ఇంట్లో ఉంటారా?"

"ఉంటదమ్మా."

"వస్తాం. దానికీ చీటీ తేవాలా?"

అత్తగారు చేతిసంచిలోంచి నలిగిన తెల్ల ట్యూబు ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టింది. సగానికి పైగా ఖాళీ.

"జ్వరానికి ముందు పక్క షాపులో కొన్నాను. వారం రోజులు నేనే పూశాను దాని మొహానికి. డాక్టరమ్మ అడిగినా చెప్పలేదు."

కొనేవాళ్లు చీటీలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. పదకొండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట వస్తోందని తెలిసింది. తీరా వచ్చేసరికి నాకు నవ్వు రాలేదు, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"తప్పు నాదే నాయనా," అంది మా అత్తగారు.