వీపు ఆనించిన తలుపు

బడి మారే పిల్లల బొమ్మల్లోంచి తుడిచేసిన భయాలు ఎక్కడికి పోతాయి?

తొమ్మిదేళ్ల కిందట దాటింపుశాల దస్త్రంలో అక్కడి ఉద్యోగి కామేశ్వరి ఈ ప్రశ్న రాసింది. దాని ఎదుట జవాబు గడి నేటికీ ఖాళీగా ఉంది. ప్రశ్న రాసినందుకు ఎవరూ కోప్పడలేదు, ఎవరూ చదవనూ లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె నలభై రెండో దాటుబొమ్మను తేటపరుస్తోంది. ఒక పిల్లవాడు హైస్కూలు మెట్ల మీద కుక్కను గీశాడు. ఆమె వేలితో కుక్క కోరలు తుడిచింది. బొమ్మ ఉన్న పొరగోడ ఊపిరి పీల్చి లేత పసుపుకు తిరిగింది. బొమ్మలో భయం తగ్గేకొద్దీ పెరిగే సౌమ్యాంకం డెబ్భై రెండయింది. పిల్లవాడు ఆరో తరగతికి అర్హుడయ్యాడు.

దాటింపుశాల గోదావరి పాయ మీద తేలుతుంది. నీటి వెలుగు దాని గోడల్లోంచి లోపలికి వచ్చి, నేల మీద చేపపిల్లల్లా కదులుతుంది. అయిదో తరగతి ముగించిన పిల్లలు అక్కడ నెల రోజులు కొత్త బడిని పాడతారు, మట్టితో చేస్తారు, రాబోయే మాస్టర్ల వేషాలు వేస్తారు, చివరికి తడి వేళ్లతో గోడ మీద గీస్తారు. ఆలోచన మంచిది. ముందే ఆడుకున్న చోట కాలు పెట్టడం పిల్లలకు తేలిక. దాన్ని కనిపెట్టినవారు ఉపాధ్యాయులు. దానికి అంకె తగిలించింది వ్యవస్థ. తేటపడిన బొమ్మలు ఏరు దాటి అవతలి ఒడ్డున హైస్కూలు గోడలకు చేరతాయి. ఏటా ఆ బడి పువ్వులతో, నవ్వే సూర్యులతో తెరుచుకుంటుంది.

నలభై మూడో బొమ్మ వీరవేణిది. బూడిదరంగు తలుపు. దానికి వీపు ఆనించి, చేతులు బార్లా చాపి నిలబడిన రెండు జడల అమ్మాయి. సౌమ్యాంకం పందొమ్మిది.

"మళ్ళీ అదే గీసేవా?" అంది కామేశ్వరి.

"అదేనండి."

"ఎవరమ్మా ఈ పిల్ల?"

"మా అక్కండి, లోవకుమారి. హైస్కూలు చూపిత్తానని తీసుకెల్లింది. నేను బాత్రూముకెల్తే తలుపుకి లోపల గడియ లేదండి. నేనొచ్చేదాకా అక్క ఇలాగే నించుంది."

"ఇప్పుడు అక్క ఏ క్లాసు?"

"మానేసిందండి. అక్కకి తలుపట్టుకునే ఫ్రెండు వేరే ఊరెల్లిపోయింది. ఇంక అక్క పొద్దుట్నించి సాయంత్రం దాకా మంచినీల్లు ముట్టుకునేది కాదు. ఆకరికి జొరమొచ్చి పడిపోయింది."

పర్యవేక్షకుడు సత్తిబాబు వచ్చి, కామేశ్వరి భుజం మీదుగా గోడను చూశాడు.

"ఇంకా అవ్వలేదాండి? ఆ పిల్లని తుడిచేసి గుమ్మం ముందు ఓ మందారమొక్క పెట్టండి. ఎనభై వచ్చేత్తది."

"మొక్క గడియేస్తుందా సత్తిబాబుగారూ?"

వీరవేణి కిసుక్కున నవ్వింది.

"మీకు వెటకారం ఎక్కువైపోయిందండి. ఈ పిల్లకి ఇది మూడోసారి. నాలుగింటికల్లా బొమ్మ దాటకపోతే ఇంకో ఏడాది అయిదులోనే కూర్చుంటది. ఆ తరవాత మీరే బాధపడతారు."

అతను చెప్పింది నిజమే. నాలుగింటికి మూడు నిమిషాలున్నాయి. కామేశ్వరి వేలు రెండు జడల దగ్గరికి వెళ్లింది.

"తుడిచేస్తే నువ్వు ఆరుకి వెళ్తావమ్మా."

వీరవేణి తడి చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది. "అక్కని తుడిచేత్తే తలుపెవరు పట్టుకుంటారండి?"

తొమ్మిదేళ్లు. ఎన్ని తలుపుల ముందు తాను మందారాలు పూయించిందో కామేశ్వరికి గుర్తు లేదు. ఆ తలుపులకు జడిసి ఎందరు దాహాన్ని అణచుకుని కూర్చున్నారో ఏ దస్త్రంలోనూ లేదు. భయాలు ఎక్కడికీ పోలేదు. ఉన్న చోటే ఉన్నాయి. వాటి కబురు మాత్రమే ఏరు దాటకుండా ఆగిపోయింది, ఆమె వేలి కింద.

గోడ పక్కన గాజుమూత కింద, బొమ్మను ఉన్నదున్నట్టు దాటించే మీట ఒకటి ఉంటుంది. దాని పేరు యథాతథం. దాని మీద బొటనవేలు పెట్టిన ఉద్యోగి అధికారం ఆ క్షణమే రద్దవుతుంది. కామేశ్వరి మూత ఎత్తి బొటనవేలు పెట్టింది.

"అయ్యబాబోయ్, ఏంటండీ ఈ పని!" అన్నాడు సత్తిబాబు.

బొమ్మ గోడలోంచి జారి, నీటి మీద బూడిదరంగు వెలుగుగా సాగింది. అవతలి ఒడ్డున సూర్యుడి బొమ్మలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. హైస్కూలులో రెండు వందల తలుపులు. ప్రతి తలుపుకూ వీపు ఆనించి లోవకుమారి నిలబడింది, చేతులు బార్లా చాపి, పక్కకు చూస్తూ.

దాటింపుశాలలో పాట ఆగింది. కుక్కను గీసిన పిల్లవాడు లేచాడు.

"టీచర్‌గారండీ, నా కుక్కకి కోరలు మల్లీ పెట్టుకోనాండి?"

కామేశ్వరి వేలికి పొరగోడ ఇక లొంగడం లేదు. పిల్లల వేళ్లకు లొంగుతోంది. వాళ్లంతా తమ బొమ్మల దగ్గరికి వెళ్లి, తుడిచేసినవన్నీ తిరిగి గీయడం మొదలుపెట్టారు. సౌమ్యాంకం పదికి, రెండుకు పడి, ఆ తరువాత అంకె కావడమే మానుకుంది.

"నేను ఆరుకి ఎల్తానాండి?" అని అడిగింది వీరవేణి.

గోడ మీద ఒక్క వాక్యం తేలింది: నిర్ణయం నిలిపివేయడమైనది, ఎవరైనా వెళ్లి చూడవలెను.

ఆ ఎవరైనా మీరే. రేపు మీ ఇంటికి దగ్గరలో ఉన్న హైస్కూలుకు వెళ్లండి. ఆడపిల్లల బాత్రూము తలుపు లోపలివైపు చేత్తో తడిమి చూడండి. గడియ లేకపోతే, దాన్ని బిగించేదాకా అక్కణ్ణుంచి కదలకండి.